పిలిస్తే రాని మూర్ఛ

ఆశ్వయుజ శుద్ధ విదియ. గాలి తూర్పు. నీరు పోటు.

తెల్లోడ వచ్చేసింది!

పొద్దున్న నేను లంక అంచున కూర్చుని పీపాలకు పట్టిన గుల్లలు గీకుతున్నాను. వెనక గట్టు మీద మా అత్త అచ్చియ్యమ్మ నన్ను కాపలా కాస్తోంది. ఊరికే కూర్చుని చూడటం కాదు, చేతిలో చేపల వల పట్టుకుని మరీ. నేను నీళ్ళలో పడితే మీద విసరడానికి.

"తెల్లోడొచ్చేసిందే!" అని ఆవిడ అరిచింది. ఆ కంగారులో వల విసిరేసింది. నేను నీళ్ళలో పడకుండానే వలలో పడ్డాను. అలా వలలోనే ఉండి, మూడేళ్ళ తర్వాత ఆ ఓడను మళ్ళీ కళ్ళారా చూశాను. తెల్లటి తెరచాపలు, వాటి మీద ఎర్ర గీతలు. ఆసుపత్రి ఓడ! డెల్టా మునిగి, మేమంతా పీపాల మీద తేలే లంకల్లో కాపురాలు పెట్టాక, మా దగ్గరికి పెద్ద వైద్యం రావాలంటే దాని మీదే రావాలి.

నా పేరు ముక్తేశ్వరి. నాకు మూర్ఛ ఉంది. చిన్నప్పుడు జ్వరం తలకెక్కి మొదలైందట. కింద పడి కొట్టుకునే రకం కాదు. ఉన్నట్టుండి నా చూపు నిలిచిపోతుంది. పెదవులు చప్పరిస్తాను. చేతులు ఏదో ఒకటి సర్దుతుంటాయి, కాళ్ళు ఎటో నడుస్తాయి. ఒకటి రెండు నిమిషాల్లో తేరుకుంటాను. జరిగినదేదీ నాకు గుర్తుండదు.

ఇంట్లో ఉన్నప్పుడు వస్తే ఒక రకం. నాకేమో చుక్కాని దగ్గర వచ్చింది. మాత్రలకు లొంగి అప్పట్లో అరుదుగా వచ్చేది కాబట్టి, నేనే ఈ తూగులంకకు చుక్కాని మనిషిని. ఇళ్ళు, కొబ్బరిచెట్లు, గేదెలు, బడి, అన్నీ కలిపి ఊరు మొత్తాన్ని పాయల్లో నడిపేదాన్ని. రెండేళ్ళ కిందట ఒక ఉదయం, బడిపిల్లలు ఎక్కాలు వల్లిస్తుండగా, పెదవులు చప్పరించుకుంటూ చక్రం తిప్పేసి, ఊరిని ఊరుగా తీసుకెళ్ళి పక్క లంకవాళ్ళ రొయ్యల చెరువు మీదికి ఎక్కించాను. తర్వాత చాలా రోజులు మా ఊళ్ళో అందరి ఇళ్ళలో రొయ్యల కూరే. చుక్కాని గవర్రాజు బాబాయికి అప్పగించారు. ఆయనకి నీళ్ళంటే భయం.

అదైనా నవ్వుకోవచ్చు. మొన్న వానాకాలంలో జరిగినది మాత్రం నవ్వుకునేది కాదు. బట్టలు ఆరేస్తూ ఆరేస్తూ లంక అంచు దాటి నడిచేశానట. మా ఆయన నూకరాజు వెనకే దూకాడు. వరద నీరు ఇద్దరినీ ఈడ్చుకుపోయి చేపల దడి దగ్గర పారేసింది. నాకు స్పృహ వచ్చేసరికి ఆయన నన్ను ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో దడి వెదురు పట్టుకుని, నీళ్ళు కక్కుతున్నాడు. ఇప్పటికీ నిద్రలో ఉలిక్కిపడి నా చెయ్యి తడుముకుంటాడు.

చుక్కాని పట్టినవాళ్ళు గాలి, నీరు రోజూ రాసిపెట్టాలని మా దగ్గర ఆచారం. చుక్కాని పోయినా నాకు రాసే అలవాటు పోలేదు. ఈ రోజు మాత్రం గాలి గురించి రాయడానికి చెయ్యి ఆగడం లేదు. తెల్లోడ వచ్చేసింది!

శుద్ధ చవితి. గాలి తూర్పు. నీరు ఆటు.

డాక్టర్ షంషాద్ గారు కర్నూలు మనిషి. ఏళ్ళ తరబడి ఓడ మీద ఉంటున్నా ఆవిడకి ఇప్పటికీ కడుపులో తిప్పుతుందట. మాట్లాడుతూ మాట్లాడుతూ నిమ్మకాయ వాసన చూస్తుంది. నాకు ఆవిడ వెంటనే నచ్చేసింది.

నన్ను ఒక గొట్టంలో పడుకోబెట్టి, తర్వాత నా మెదడు బొమ్మను గాలిలో నిలబెట్టి చూపించింది.

"ఇదిగో పాపా, చెవికి లోపలి పక్క, ఈ తట్టు ఒకటి, ఆ తట్టు ఒకటి ఉండాయి చూడు. సముద్రపుగుర్రం అని చిన్న చేప ఉంటాది కదా, దాని మాదిరి వంకర తిరిగి ఉంటాయి. పేరు కూడా అదే పెట్టినారు."

మా అత్త లేచి నిలబడింది. "నేను మొదట్నుంచీ మొత్తుకుంటన్నానండి! పీపాల కింద తల పెట్టకే అంటే ఇనిందా? ఉప్పునీళ్ళలోంచి చెవిలో దూరేసింది. రెండు దూరినియ్యా?"

"అందరికీ రెండుంటాయి పెద్దమ్మా. నీకూ ఉండాయి."

అత్త రెండు చేతులతో చెవులు మూసుకుంది. ఇంటికి వచ్చాక కూడా చాలాసేపు తీయలేదు.

డాక్టరుగారు చెప్పింది నాకు అర్థమైనంతవరకు ఇది. చిన్నప్పటి జ్వరానికి ఆ గుర్రాల్లో ఒకదాని మీద మచ్చ పడింది. మూర్ఛ పుట్టేది ఆ మచ్చలోనే. వెంట్రుకంత సన్నటి పోగు ఒకటి ఉంది, దానంతట అదే మెల్లగా పాకుతూ లోపలికి పోతుంది. దాని కొన వేడెక్కించి మచ్చను మాడ్చేస్తారు. పుర్రె కొయ్యరు, గుండు కొట్టరు. పదిమందిలో ఏడుగురికి మూర్ఛ పూర్తిగా పోతుంది. "మిగతావాళ్ళకు తగ్గుతాది, లేదంటే అట్లే ఉంటాది. అబద్ధం చెప్పను," అంది.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, బొమ్మలో నా గుర్రాలు రెండూ కాస్త వడిలినట్టే కనపడుతున్నాయి. ఏది దొంగో తెలియడం లేదు.

"అందుకని ముందు నాకు నీ మూర్ఛ కావాల. మాత్రలు ఆపేసి, వినే పోగులు లోపలికి పంపిస్తాము. నీకు మూర్ఛ వచ్చినప్పుడు అది ఏ పక్క పుట్టిందో అవి చెప్తాయి. రెండు పక్కలా పుడితే మాత్రం నేను చెయ్యి పెట్టను."

నూకరాజు గట్టిగా నవ్వేశాడు. "మూర్ఛేకదండీ! దాన్ని పిలవాలేటండి, అడక్కుండానే వచ్చేత్తాది. రేపటికల్లా మీ చేతిలో పెట్టేత్తాం."

శుద్ధ సప్తమి. గాలి తూర్పు. నీరు పోటు.

రాలేదు.

తల నిండా పోగులతో, తెల్ల గుడ్డ చుట్టుకుని, ఓడ గదిలో పెళ్ళికూతురిలా కూర్చున్నాను. మంచం చుట్టూ మెత్తలు కట్టారు. నాలుగు మూలల నుంచి నాలుగు కెమెరా కళ్ళు నన్నే చూస్తున్నాయి. మాత్రలు ఆపేశారు. ఏ క్షణమైనా రావాలి. ఈమధ్య వారానికి మూడుసార్లు వచ్చేది, పెళ్ళిచూపుల్లో వచ్చింది, ఓట్ల లైనులో వచ్చింది, ఒకసారి గేదె ఈనుతుంటే వచ్చింది. ఇప్పుడు చూడండి!

డాక్టరుగారు గంటకోసారి తలుపు తోసి, "ఏం పాపా, వచ్చిందా?" అంటుంది.

"లేదండీ."

"యాడికి పోతాదిలే." నిమ్మకాయ వాసన చూసి వెళ్ళిపోతుంది.

ఒక సంగతి రాసుకోవాలి. మూర్ఛ మొత్తం నాకు గుర్తుండదు గానీ, దాని ముందు ఒక్క రెప్పపాటు గుర్తుంటుంది. కడుపులోంచి ఏదో గుప్పున పైకి లేస్తుంది. చుట్టూ ఉన్నదంతా ఇదివరకే ఒకసారి జరిగినట్టు ఉంటుంది. దానితో ఒక సంతోషం! ఎలా చెప్పాలి? ఊళ్ళో ఉన్న దీపాలన్నీ ఒక్కసారి నా లోపలే వెలిగినట్టు. పెళ్ళినాడు కూడా అంత సంతోషం రాలేదు. ఈ మాట నూకరాజుకు ఎప్పుడూ చెప్పలేదు. మచ్చ పోతే అదీ పోతుంది కదా. డాక్టరుగారిని అడిగితే పోతుందనే చెప్పింది.

శుద్ధ దశమి. గాలి ఈశాన్యం. నీరు పోటు.

ఇంకా రాలేదు. దసరా పండగ పక్కన పెట్టి ఊరంతా రంగంలోకి దిగింది.

నిద్ర లేకపోతే మూర్ఛ త్వరగా వస్తుందని డాక్టరుగారు అనడమే తడవు, నన్ను మేలుకొలిపే పని లంక మొత్తం పంచుకుంది. పేకాట జట్టు వచ్చింది. భజన జట్టు వచ్చింది. పాస్టరు గారు గిటారు తెచ్చారు. నేను రెప్ప వాల్చానంటే ఎవరో ఒకరు తప్పట కొడతారు. ముక్తేశ్వరి మూర్ఛ కోసమని చెప్పి డెక్కు మీద పులిహోర పంచారట, నాకే అందలేదు.

మధ్యాహ్నం మా అత్త వచ్చి తలుపు మూసి, చీర కుచ్చిళ్ళు దోపుకుంది.

"నాతో దెబ్బలాడితే నీకు వచ్చేత్తాది కదే, మొన్న అట్లకాడ కాడ గొడవైనప్పుడు వచ్చింది. రా. మొదలెడతాను. మీ పుట్టింటోళ్ళు పెట్టిన సారెలో పాకం పట్టిన గోరుమిటీలు మెత్తగా ఉన్నాయి!"

"మెత్తగానే ఉండాలత్తా అవి."

"గట్టిగా ఉండాలి!"

"మీకు పళ్ళు లేవని మెత్తగా చేయించారు."

"ఎవరికే పళ్ళు లేనిది!"

అరగంట అరుచుకున్నాం. ఇద్దరికీ గొంతు పోయింది గానీ మూర్ఛ రాలేదు. చివరికి ఆవిడ నా మంచం మీదే కూర్చుని, "పోనీలే, నీకు కోపం తెప్పించడానికన్నానే. బానే ఉన్నాయి గోరుమిటీలు," అంది. ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వినా రాలేదు.

పదకొండేళ్ళుగా ప్రతి శుక్రవారం ఈవిడ అమ్మవారి దగ్గర కొబ్బరికాయ కొట్టి, నా కోడలికి మూర్ఛ రాకుండా చూడు తల్లీ అని మొక్కుకుంటోంది. ఈ రోజు వెళ్ళి ఏమని అడగాలో తెలియక గర్భగుడి ముందు తెల్లబోయి నిలబడిందట. పూజారి గారే, "పాత మొక్కులు కొంచెం ఆపమని చెప్పుకోండమ్మా, తల్లి అర్థం చేసుకుంటుంది," అన్నారట.

పౌర్ణమి. గాలి ఈశాన్యం, బిగువుగా ఉంది.

తుఫాను పుట్టిందని కబురు. తెల్లోడ రేపు లంగరెత్తి, గోదారికి ఎదురెక్కి పాపికొండల సందులోకి వెళ్ళి తల దాచుకోవాలట. ఆగడానికి వీల్లేదు. సముద్రపు అంచున ఇంత పెద్ద ఓడ, నిండా రోగులు.

డాక్టరుగారు ఈసారి నిమ్మకాయ తేలేదు. "సాయంత్రం దాకా చూస్తాము పాపా. రాకుంటే పోగులు తీసేసి నిన్ను దించేస్తాను. మళ్ళా ఏడాదో, రెండేళ్ళో. ఏం చేద్దాము చెప్పు," అంది.

నూకరాజు గోడకు జారబడి తన అరచేతులు చూసుకుంటున్నాడు. నేను ఏడవదలుచుకోలేదు. ఇన్ని రోజులు అంతమంది మేలుకుని, పాడి, అరిచి, పులిహోర పంచి, చివరికి నా మూర్ఛకే పౌరుషం వచ్చి రానంటే ఏం చేస్తాం.

అత్త మాగాయి కలిపిన అన్నం తెచ్చింది. ఎలాగూ పోతున్నాం, తినిపోదాం అంది. ముద్దలు చేసి పెడుతోంది. కిటికీలోంచి ఎండ ఆవిడ గాజుల మీద పడుతోంది, ఆ గాజులు, ఆ ఎండ, ఆ ముద్ద, ఇదంతా ఇదివరకే ఒకసారి అచ్చం ఇలాగే, అబ్బ, కడుపులోంచి, నూకరాజూ, వస్తోం

అదే రోజు, తర్వాత

వచ్చింది! వచ్చింది! వచ్చింది! తల దిమ్ముగా ఉంది, అయినా రాస్తాను.

నాకేమీ తెలియదు కాబట్టి నూకరాజు చెప్పింది రాస్తున్నాను. కలం చేతిలోంచి జారిందట. పెదవులు చప్పరించడం మొదలుపెట్టానట. గోడలోంచి గంట మోగింది. మా అత్త చేతిలో ముద్ద అలాగే పట్టుకుని, "వచ్చేసిందండోయ్!" అని కేక పెట్టింది. డాక్టరుగారు చెప్పులు లేకుండా పరిగెత్తుకొచ్చింది. ఆ కేక డెక్కు మీదికి, డెక్కు మీంచి లంక గట్టు మీదికి పాకిపోయింది. గవర్రాజు బాబాయి దసరాకి మిగిలిన సీమటపాకాయల దండ ముట్టించాడు.

నేను మాత్రం దుప్పటి తీసుకుని శుభ్రంగా నాలుగు మడతలు పెట్టి, డాక్టరుగారి చేతికిచ్చి, "లంగరెత్తండి, నీరు తీస్తోంది, లంగరెత్తండి," అన్నానట. స్పష్టంగా. రెండుసార్లు.

"మాట వచ్చింది! మాట పలికింది చూడండి!" అని డాక్టరుగారు గంతేసిందట. మూర్ఛలో మాట స్పష్టంగా ఉంటే, మాటలు ఉండే ఎడమపక్క దానికి దొరకలేదన్నమాట. పోగులూ అదే చెప్పాయి. కుడి గుర్రం దగ్గర పుట్టింది, అక్కడే తిరిగింది, అక్కడే ఆగింది.

నాకు తెలివి వచ్చేసరికి గదినిండా మనుషులు. అందరూ చప్పట్లు కొడుతున్నారు. నా మూర్ఛ అయ్యాక నేను కళ్ళు తెరిస్తే ఎప్పుడూ భయపడ్డ మొహాలే కనపడేవి. ఈసారి ఎవరో నా మెడలో బంతిపూల దండ కూడా వేశారు.

సాయంత్రం లోపల ఇంకో రెండు వచ్చాయి. ఇన్నాళ్ళ బాకీ తీర్చినట్టు. అన్నీ కుడివైపే.

బహుళ పాడ్యమి. గాలి ఈశాన్యం, జోరు. గోదారికి ఎదురెక్కుతున్నాం.

తెల్లోడ ఆగలేదు. నన్నూ ఎక్కించుకునే బయల్దేరింది. నూకరాజు, అత్త నా గదిలోనే ఉన్నారు. కిటికీలోంచి వెనక్కి చూసి నా కళ్ళను నేనే నమ్మలేదు. తూగులంక వెనకాలే వస్తోంది. ఇళ్ళూ గేదెలూ కొబ్బరిచెట్లతో సహా! "ఎలాగూ తుఫానుకి ఎక్కడో ఒకచోట కట్టేసుకు కూర్చోవాలి కదా, అమ్మాయి ఉన్నచోటే కూర్చుందాం," అన్నారట పెద్దలు. చుక్కాని గవర్రాజు బాబాయి చేతిలో ఉంది.

పొద్దున్న డాక్టరుగారు తలుపు దగ్గరేసి నా ఎదురుగా కూర్చుంది.

"ఒక కష్టం ఉంది పాపా. ముందే చెప్పాల. కుడి గుర్రానికి పని ఉంటాది. మొహాలు, దారులు, ఏ మలుపు తర్వాత ఏ మలుపో గుర్తు పెట్టుకునే పని ఎక్కువగా దానిదే. నీది చిన్నప్పుడే దెబ్బ తినింది కాబట్టి ఎడమది ఆ పని నేర్చుకునే ఉండొచ్చు. నేర్చుకోకపోయీ ఉండొచ్చు."

పాయలన్నీ నా తలలో ఉన్నాయి. గౌతమి, వశిష్ఠ, వైనతేయ, వాటి మధ్య మేటలు, మునిగిన ఊళ్ళు, ఏ నీటికి ఏ దారి. చుక్కాని మళ్ళీ పట్టుకోవడానికే కదా ఈ వైద్యం. దారులు పోయాక చుక్కాని ఏం చేసుకోను?

"తెలుసుకునే ఉపాయం లేదాండీ?"

"ఉంది. మందు పెట్టి కుడి సగం మెదడును కొంచెంసేపు నిద్రపుచ్చుతాను. మిగిలిన సగాన్ని ప్రశ్నలు అడుగుతాను."

అదీ పరీక్ష. మందు పడింది. నా ఎడమచెయ్యి తోటకూర కాడలా వాలిపోయింది. అది నాదే అని అనిపించలేదు, ఎవరో మంచం మీద మరిచిపోయి వెళ్ళినట్టుంది. నవ్వొచ్చింది. సగం మొహమే నవ్వింది. డాక్టరుగారు ప్రశ్నల బొమ్మలు చేతిలోకి తీసుకుంది.

సరిగ్గా అప్పుడే గోడ మీద వైర్‌లెస్ గొల్లుమంది. గవర్రాజు బాబాయి.

"అమ్మాయ్ ముక్తా! మునిగిపోయిన రైలు వంతెన కాడికొచ్చేశామే! నీళ్ళలో స్తంభాలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. గాలి పక్కనించి తోసేత్తంది. ఎటు తిప్పమంటావ్? నా వల్ల కాదే బాబూ!"

నూకరాజు వైర్‌లెస్ అందుకోబోయాడు. డాక్టరుగారు ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. బొమ్మలు పక్కన పడేసింది. "చెప్పనీ. తప్పు పోతే నువ్వు అందుకో. ఇంతకన్నా మంచి పరీక్ష నేను పెట్టలేను," అంది.

నేను కళ్ళు మూసుకున్నాను. సగం తలలో వెతికాను. ఉంది! దారి ఉంది! మామూలుగా బొమ్మలా కనపడేది, ఇప్పుడు అలా లేదు. పాటలా ఉంది. ఒక చరణం తర్వాత ఇంకో చరణం.

"బాబాయ్, కుడిగట్టున కూలిన సెల్ టవర్ ఉందా, దాని కొన మీద గద్దగూడు?"

"ఉందే! గద్ద నన్నే చూత్తంది!"

"దాన్ని నీ కుడిభుజానికి పెట్టుకుని మెల్లగా రా. నీళ్ళ ట్యాంకు తల కనపడగానే చక్రం సగం తిప్పు. రెండు స్తంభాలకి పాకుడు పచ్చగా ఉంటుంది, వాటి మధ్య దూరకు, లోతు లేదు. నల్లగా ఉన్న స్తంభాల మధ్య దూరు."

"పచ్చవి ఒద్దు, నల్లవి. పచ్చవి ఒద్దు, నల్లవి. ఓరి నాయనో, ఓరి నాయనో... దూరేశామే! బడిగోడ గీసుకుంది గానీ దూరేశాం!"

వైర్‌లెస్‌లో ఊరంతా ఈలలు వేసింది. అంతలోనే మళ్ళీ ఆయనే. "అమ్మాయ్, ముందర ఇసకమేట ఉన్నట్టుందే. నువ్వు చెప్పలేదే?"

వెతికాను. మేట లేదు. నా తలలో ఆ చోట ఖాళీ. "ఉందా బాబాయ్? అయితే చుట్టూ తిప్పుకురా," అన్నాను.

మందు దిగి చేతికి ప్రాణం వచ్చాక ఆ మేట గుర్తుకొచ్చింది. డాక్టరుగారు చాలాసేపు నిమ్మకాయ వాసన చూసింది. "నీ ఎడమది పని నేర్చుకుంది. కానీ అక్కడక్కడా చిల్లులు ఉండాయి. పోయినవి మళ్ళా నేర్చుకోవాల్సి వస్తాది. ఇప్పుడు నిర్ణయం నీది," అంది.

బహుళ విదియ. పాపికొండల సందు. పైన హోరు, కింద గాలి లేదు.

కొండల పైన తుఫాను ఊళలు వేస్తోంది. ఈ సందులో మాత్రం దీపం కూడా ఆరడం లేదు. పక్కనే తూగులంకను రెండు కొండరాళ్ళకు కట్టేశారు. గేదెలు కొండను చూసి బెదిరిపోయి గడ్డి మానేశాయి.

నూకరాజుకు చెప్పేశాను. ఆ రెప్పపాటు సంతోషం గురించి. దారుల్లో చిల్లులు పడినా మళ్ళీ నేర్చుకుంటాను గానీ ఆ వెలుగు మళ్ళీ రాదు కదా అని.

ఆయన నా చెయ్యి అందుకుని అన్నాడు. "నాకు తెలుసే."

"ఎలా తెలుసు మావా?"

"వచ్చే ముందు నీ మొకంలో ఒక నవ్వొత్తాది. ఎంత బాగుంటాదో. ఆ నవ్వు చూత్తే నా గుండె జారిపోద్ది. మామూలుగా నవ్వినా సరే, ఇది ఆ నవ్వా, ఉత్త నవ్వా అని చూసుకుంటా. పెళ్ళయిన కాణ్ణించీ నువ్వు నవ్వితే భయపడతానే ఉన్నా."

పదకొండేళ్ళు. నేను నవ్వుల మనిషినని ఊరంతా అంటుంది. ఎన్ని వేలసార్లు నవ్వి ఉంటాను!

నేను లేచి వెళ్ళి డాక్టరుగారి తలుపు తట్టి, "మాడ్చేయండి," అన్నాను.

బహుళ పంచమి. గాలి తెలియదు. నీరు తెలియదు. తల బరువు.

అయిపోయింది!

మెలకువగానే ఉంచారు. కుడి కణత పైన కందిగింజంత రంధ్రం. నొప్పి లేదు. డాక్టరుగారు మొహాల బొమ్మలు చూపిస్తూ పేర్లు అడుగుతోంది, పోగు లోపల పాకుతోంది. నేను తడుముకుంటే చాలు, పరదా అవతల కూర్చున్న అత్త, "ఆడు మన ఈరన్నే, కల్లు గీసేవోడు!" అని అందిస్తోంది. "పెద్దమ్మా, నువ్వు చెప్తే ఎట్లా!" అని డాక్టరుగారు కసురుకుంటోంది. ఒకచోట పోగు ఆగింది. "ఇక వేడి పెడుతున్నా," అంది. నేను ఏదో పెద్దగా జరుగుతుందని ఊపిరి బిగపట్టాను. ఏమీ జరగలేదు. బయట ఎవరో గేదెను తిట్టడం వినిపించింది. అంతే.

నిన్న గవర్రాజు బాబాయి పళ్ళు తెచ్చాడు. "ఎవరండీ మీరు?" అన్నాను. గొంతు వినగానే తెలిసింది గానీ మొహం మాత్రం కొత్త మొహం. ఆయన గుడ్లనీళ్ళు కుక్కుకున్నాడు. కొన్నాళ్ళు ఇలా ఉంటుందట.

ఈ పొద్దున్న భయపడ్డాను. కడుపులో చిన్న కదలిక, పైకి లేవబోయి ఆగిపోయింది. డాక్టరుగారు, కాలిన చోట వాపు ఉంటుంది, కొన్నాళ్ళు చూడాలి, ఇప్పుడే పండగ చేసుకోవద్దు, ఇప్పుడే ఏడవనూ వద్దు అంది.

కార్తీక బహుళ షష్ఠి. గాలి ఉత్తరం. నీరు ఆటు.

ఇంటికొచ్చాం. ఆ కదలిక మళ్ళీ రాలేదు. ఆ సంతోషమూ రాలేదు. ఎదురుచూస్తున్నానని కాదు గానీ, ఒక్కోసారి చెవి అటు వేసుకుని ఉంటాను.

మొహాలు చాలావరకు తిరిగి వచ్చాయి. దారుల కోసం రోజూ నూకరాజు పడవ నడుపుతుంటే కూర్చుని, మేటలన్నీ కొత్తగా నేర్చుకుంటున్నాను. వశిష్ఠలో నాలుగుసార్లు దారి తప్పించాను. ఐదోసారి తప్పలేదు.

నిన్న భోజనాల దగ్గర అత్త ఆ గోరుమిటీల సంగతి చెబుతుంటే పొట్ట పట్టుకుని నవ్వాను. నూకరాజు మజ్జిగ పోసుకుంటున్నాడు. తల ఎత్తి చూశాడు. చూసి, మళ్ళీ మజ్జిగ పోసుకున్నాడు.

మళ్ళీ ఆశ్వయుజం. శుద్ధ తదియ. గాలి తూర్పు. నీరు పోటు.

ఏడాదంతా రాలేదు. ఒక్కసారి కూడా. తెల్లోడ మళ్ళీ వచ్చింది. డాక్టర్ షంషాద్ గారు నా తలలో అలలన్నీ చూసి, "చుక్కాని పట్టుకో పాపా. మాత్రలు మాత్రం నేను చెప్పేదాకా మానొద్దు," అంది. ఈ కబురుకి అందరికంటే సంతోషించింది గవర్రాజు బాబాయి. చుక్కాని గది తాళం నా చేతిలో పెట్టి, మెట్లు దిగి, తిన్నగా వెళ్ళి తన గేదెను కౌగిలించుకున్నాడు.

ఊరంతా మా ఇంట్లోనే భోజనం చేసింది. తిన్నాక అత్త పేకాటకు వెళ్ళిపోయింది. నూకరాజు అరుగు మీద పడి గుర్రుపెట్టి నిద్రపోయాడు. నేను గిన్నెలు కడిగి బయటికొచ్చాను. ఏదో తేడాగా అనిపించింది. ఏమిటా అని అటూ ఇటూ చూశాను. నన్ను ఎవరూ చూడటం లేదు.

చిన్న పడవ కట్టు విప్పాను. ఎక్కాను. ఎటు వెళ్ళాలో తెలియలేదు. ముందు రెండుసార్లు ఊరికే గుండ్రంగా తిప్పాను. అరిచాను. కొంగలు లేచిపోయాయి. తర్వాత పాయ దాటి, మేట చుట్టూ తిప్పి, తొమ్మిది లంకల అవతల పడవల సంత దాకా తెడ్డేసుకుంటూ వెళ్ళిపోయాను. చేతులు బొబ్బలెక్కాయి. ఆగలేదు.

గాజుల పడవ దగ్గర ఒక ముసలావిడ. నన్ను ఎరగదు. నా చెయ్యి పట్టుకుని ఆకుపచ్చ గాజులు ఎక్కిస్తూ, "నొప్పేత్తే చెప్పమ్మా," అంది. తర్వాత నా వెనక్కి చూసింది, తోడు ఎవరైనా ఉన్నారేమోనని.

"ఎవరితో వచ్చావమ్మా?"

పుట్టి బుద్ధెరిగాక ఈ ప్రశ్నకు జవాబు మా అమ్మతోనో, మా ఆయనతోనో, మా అత్తతోనో.

"ఒక్కదాన్నే వచ్చానండి," అన్నాను.

ఆవిడకి అందులో వింతేమీ కనపడలేదు. తలూపి, రెండో చెయ్యి ఇమ్మంది.